కత్తెరతో కోసిన బిళ్ళ

అబ్బాయ్, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి ఇలా రా. మా రోజుల్లో మోకాలు నొప్పెడితే నొప్పెట్టేది, అంతే. వావిలాకు మరిగించిన నీళ్ళు పోయించుకుని, ఉప్పుమూటతో కాపడం పెట్టించుకుని, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ నొప్పి కథ చెప్పేవాళ్ళం. సగం నొప్పి చెప్పుకోడంలోనే పోయేది. తలనొప్పైతే అమృతాంజనం. అదీ మనవాడి సరుకే, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు తెప్పించేదిగానీ ఇంకేం అడిగేది కాదు.

ఇప్పుడో? కడియం నర్సరీల్లో మట్టి సంచులు నింపడానికి పోయే ఆడకూతురు పొద్దున్నే మందుల కొట్టు దగ్గర ఆగి, "నడుం నొప్పికి ఓ నాలుగివ్వండి" అంటుంది. ఆ కుర్రాడు అట్ట తీసి కత్తెరతో టకటకా కోసిచ్చేస్తాడు. బిళ్ళలు ఆవిడ చేతిలోకి, మందు పేరూ గడువు తేదీ కొట్లో మిగిలిన ముక్క మీదకీ. చీటీ ఏదమ్మా అని అడిగినవాణ్ణి నేనైతే చూళ్ళేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదండోయ్, ఆయ్!

మా డాక్టరుగారు చెప్పిందే చెప్తున్నా. నొప్పినీ వాపునీ పుట్టించే సరుకొకటి ఒంట్లో తయారవుతుంది, బిళ్ళ దాన్ని ఆపేస్తుంది. కిడ్నీకి నెత్తురు పట్టుకెళ్ళే సన్నగొట్టాల్ని తెరిచి ఉంచేదీ ఆ సరుకేనట. పై పొలంలో నీళ్ళెక్కువయ్యాయని లాకు దించేస్తే శివారు చేలు ఎండినట్టన్నమాట. వయసులో ఉండి, నీళ్ళు బాగా తాగేవాడు ఒకటీ అరా మింగితే తట్టుకుంటాడు. మే నెల ఎండలో ఒళ్ళు ఎండబెట్టుకున్నవాడు, బీపీ బిళ్ళా నీరు దించే బిళ్ళా వేసుకునే నాలాంటి ముసలాడు రోజూ మింగితే శివారు ఎండదూ? పైగా మోకాలు ఊరందరికీ వినిపించేలా అరుస్తుందిగానీ, కిడ్నీ సగానికి పైగా పోయినా కిక్కురుమనదు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్లేదు. అనుమానించినవాటిలో ఈ నొప్పి బిళ్ళలూ ఉన్నాయి.

అసలు నువ్వు రాబందుని చూశావా? ఎక్కడ చూస్తావులే. మా చిన్నప్పుడు ఎద్దు చస్తే ఊరవతల పడేసేవాళ్ళు. కాసేపట్లోనే ఆకాశంలో చుక్కలు, ఆ చుక్కలే కిందికి దిగి ఎముకలు మిగిల్చేవి. మేం రాళ్ళేసేవాళ్ళం, అదేం ఘనకార్యం కాదనుకో. తర్వాత పశువులకీ డైక్లోఫెనాక్ పొడవడం మొదలైంది. ఆ మాంసం తిన్న రాబందులకి కిడ్నీలు పోయి, లోపల పేగులకీ గుండెకీ సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుని చచ్చాయి. 2004లో శాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు, 2006లో మన ప్రభుత్వం పశువులకి ఆ మందు ఆపించింది. మనుషుల సీసాలు దొడ్లోకి పోతున్నాయని 2015లో సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లు దాటకూడదన్నారు. ఈలోగా తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది పైనే పోయాయి.

ఇంతా చెప్పి ఓ మాట దాచకూడదు. మా నాన్న ఆఖరి ఏళ్ళు మోకాళ్ళు పట్టుకుని మంచంలోనే మూలిగాడు. ఆ రోజుల్లో ఈ బిళ్ళ దొరికుంటే రాజమండ్రి దాకా సైకిలు తొక్కి నేనే తెచ్చేవాణ్ణి. ఓర్పు, ఓర్పు అని గొప్పలు పోతున్నానుగానీ, మందు లేక ఓర్చుకున్నాం.

మొన్న రక్తం పరీక్షలో, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చింది నాకు. డాక్టరుగారు అటూ ఇటూ చూసి, "చుట్టల డబ్బాలో ఉన్నవి పారేయండి తాతగారూ" అన్నాడు. ఆ చాడీ మీ మామ్మ పనే. పారేశాను, ఒట్టు. కానీ పొద్దున్న చొక్కా జేబులో ఓ అట్టముక్క తగిలింది, రెండు బిళ్ళలు. ఇదిగో. పేరున్న వైపు కొట్లోనే ఉండిపోయింది. పక్కన పెట్టావే, ఆ ఫోనేదీ? రంగు చూసి అదేం మందో చెప్తుందేమో అడుగు.