బేరీజు బాబాయి

సూరత్‌లో హజీరా వైపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగం చేసి, అడాజన్‌లోనో పాల్‌లోనో ఫ్లాటు కొనుక్కుని రిటైరైన తెలుగాయన ఎవరైనా ఉగాది సభలో తగిలితే, ముందు చేతిలో ఫైలుందేమో చూడండి. ఉంటే ఆయనే బేరీజు బాబాయి. లేకపోతే ఫైలు కార్లో ఉందని అర్థం.

ఇలాంటి బాబాయిలు ప్రతి తెలుగు సంఘంలోనూ ఒకరిద్దరు తప్పరు. గుంటూరాయన కావచ్చు, కాకినాడ ఆయన కావచ్చు. వయసు అరవై అయిదు దాటుతుంది, డెబ్భై అయిదు దాటదు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగుళూరులో. బీపీ అదుపులో ఉంటుంది, మోకాళ్ళు ఉండవు. జీవితంలో మిగిలిన పని ఒక్కటే, సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో చేరడం. తప్పు, చేరాలో వద్దో తేల్చడం. చేరితే ఆ పని కాస్తా అయిపోతుంది కాబట్టి చేరరు.

ఫైలంటే ఉత్త ఫైలు కాదు. బ్రోచర్లు ఒక అరలో, రేట్ల కాగితాలు ఒక అరలో, నడుమ చౌటా బజార్లో కొన్న పొడుగాటి పద్దుల పుస్తకం. ప్రతి పేజీకీ నడిమధ్యన స్కేలు పెట్టి కొట్టిన గీత. ఎడమన ప్లస్సులు, కుడిన మైనస్సులు. చిక్కేమిటంటే బాబాయి చేతిలో పడ్డ ఏ ప్లస్సూ సాయంత్రం దాకా ప్లస్సుగా బతకదు. ‘ఊరికి దూరం, గాలి మంచిది’ అని ఎడమన రాస్తారు. కాఫీ తాగొచ్చి, ‘ఊరికి దూరం, అర్ధరాత్రి గుండె పట్టేస్తే?’ అని కుడిన రాస్తారు. ‘అందరూ మన వయసువాళ్ళే’ ఎడమన. ‘అందరూ మన వయసువాళ్ళే, పడితే లేపేదెవరు?’ కుడిన.

గ్రౌండ్ ఫ్లోరు గురించయితే రెండు పేజీలున్నాయి. మోకాళ్ళు గ్రౌండ్ ఫ్లోరే కావాలంటాయి. తాపీ నది ఒప్పుకోదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నించి వదిలిన నీళ్ళు అడాజన్‌లోకి, రాందేర్‌లోకి వచ్చినప్పుడు కింది వాటాలవాళ్ళు సామాన్లు వదిలేసి మేడలెక్కారు. బాబాయి అప్పుడు మూడో అంతస్తులో ఉన్నారు. కిందివాళ్ళ ఫ్రిజ్జు వీధిలో తేలుతూ పోవడం బాల్కనీలోంచి చూశారు. ‘‘మోకాలికి డాక్టరున్నాడు, తాపీకి ఎవడున్నాడు?’’ అని ఈ మధ్య తేల్చారు. తేల్చి, లిఫ్టు చెడిపోతే ఏమిటన్న ప్రశ్న దగ్గర మళ్ళీ ఆగారు.

ఆయన తనిఖీకి వెళ్ళే వైభవం చూసి తీరాలి. నవ్‌సారి రోడ్డు మీద ఒకచోటికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. మేనేజరు చిన్నపిల్ల, మర్యాదస్తురాలు, ‘‘ఆవో అంకల్’’ అంటూ లోపలికి తీసుకెళ్ళింది. బాబాయి కూర్చోకుండానే ఊరి చరిత్ర మొదలుపెట్టారు. 1994లో ప్లేగు వచ్చి జనం రైళ్ళెక్కి పారిపోయిన సూరత్‌ని, ఆ మరుసటి ఏడు మున్సిపల్ కమిషనరుగా వచ్చి ఊడ్చి కడిగి దేశానికి చూపించిన ఎస్.ఆర్.రావు ఎవరనుకున్నావమ్మా, మా తెలుగువాడు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మీ ఊరికి మొదటి ర్యాంకు వచ్చిందంటే పునాది ఎవరిది? ఆ అమ్మాయి పుట్టేసరికే ప్లేగు సద్దుమణిగి కొన్నేళ్ళయింది. ‘‘వెరీ నైస్ అంకల్’’ అంది. ఇంతోటి జాతికి చెందినవాణ్ణి గనక బాత్రూము నేను చూడాలి అన్నట్టుగా బాబాయి లేచారు.

జేబులోంచి టేపు తీసి గుమ్మం కొలిచారు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోములకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. చక్రాల కుర్చీ పట్టే గుమ్మాలు, జారని నేల, గోడకి పట్టుకునే కడ్డీలు లాంటివన్నీ అందులో ఉన్నాయి. నాకు తెలిసి ఆ కాగితాన్ని ఆసాంతం చదివిన మానవుడు బాబాయి ఒక్కరే. కడ్డీని చేత్తో లాగి చూస్తారనుకున్నాను. వేలాడారు. తర్వాత మగ్గుతో నీళ్ళు పోసి, వంగి, అవి ఎటు పోతున్నాయో చూశారు. తలుపు వైపు పోయాయి. కుడివైపు ఒక గీటు.

ఆ పైన ఎమర్జెన్సీ బెల్లు. అది నొక్కి, చెప్పులతో సహా మంచమ్మీద వెల్లకిలా పడుకున్నారు. కళ్ళు మూసుకున్నారు గానీ వాచీ ఉన్న చెయ్యి మాత్రం ముక్కు మీదికి పెట్టుకున్నారు. మేనేజరమ్మాయి నా వంక చూసింది, నేను సీలింగు ఫ్యాను వంక చూశాను. కాసేపటికి ఒక కుర్రాడు రొప్పుతూ వచ్చి, ‘‘శుం థయుం కాకా?’’ అన్నాడు. బాబాయి ఒక కన్ను తెరిచి, ‘‘నేను పోయాను. నువ్వు లేటు’’ అని తెలుగులోనే చెప్పి, కూర్చుని రాసుకున్నారు.

భోజనం దగ్గర మరో పేచీ. పప్పులో బెల్లం. ముప్ఫయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో పొద్దున్నే లోచో, చలికాలం పోంక్, చందీ పడవో పండక్కి ఘారీ లాగిస్తున్న మనిషి, ఆ కంచం ముందు మాత్రం పచ్చి గోదావరి జిల్లావాడైపోయారు. ‘‘రోజూ ఈ తీపి పప్పు తింటూ నేను మిగతా జీవితం గడపాలా?’’ సరే, తెలుగు భోజనమే కావాలంటే హైదరాబాదు శివార్లలోనూ ఇలాంటివి వచ్చాయి కదా అంటారా? నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ మీదుగా వెళ్ళి అవీ చూసొచ్చారు. (2020 మార్చిలో రైల్వే సీనియర్ రాయితీ ఎత్తేసింది గనక ఆ టిక్కెట్టు పూర్తి ధర కూడా పేజీ కుడివైపునే ఎక్కింది.) పప్పుచారు అమోఘం, గోంగూర అమోఘం. ‘‘కానీ పొద్దున్న ఖమణ్ దొరకదు’’ అన్నారు. ఈ కమ్యూనిటీలకి పేరుపడ్డ కోయంబత్తూరుకీ వెళ్ళారు. ఇడ్లీకి వంక దొరకలేదు. ‘‘నోరు తిన్నంతసేపే కదా, మాట్లాడాలంటే?’’ అన్నారు.

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీవాళ్ళకో సామెత ఉంది. బాబాయి దానికీ వంక పెట్టారు. మొదటిది అయిపోయింది, రెండోది ఎలాగూ అవుతుంది, మధ్యలో ఈ పదిహేనేళ్ళూ ఎక్కడుండాలో సామెత చెప్పలేదట.

ఇదంతా పెళ్ళిచూపుల తంతే. వెళ్ళడం, మిఠాయి తినడం, పిల్లని నడిపించి చూడటం, కట్నం ఆరా తీయడం, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని లేవడం. కొడుకు దగ్గరికి డాలస్ వెళ్ళినప్పుడూ ఊరుకోలేదు, అక్కడి యాభై అయిదు దాటినవాళ్ళ కాలనీలు చూసొచ్చారు. ఆరిజోనాలో సన్ సిటీ అనే ముసలివాళ్ళ ఊరు 1960 జనవరి 1న తెరిస్తే మొదటి మూడు రోజుల్లోనే లక్షమంది దాకా చూడ్డానికి వచ్చారని చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. కొన్నవాళ్ళు ఎంతమంది అని అడగలేదు. లక్షమంది చూడ్డానికి వచ్చారు, అది చాలు ఆయనకి.

నవ్వుతున్నాం గానీ ఆ పుస్తకంలో అన్నీ బెల్లం గొడవలే అనుకోకండి. మేం లేచే ముందు ఆ అమ్మాయిని బాబాయి అడిగిన ప్రశ్నలు వకీలు కూడా అడగలేడు. ఇంత డిపాజిట్ కట్టించుకుంటున్నారు, మేం పోతే ఎవరికిస్తారు, ఎన్నాళ్ళకిస్తారు? ఇద్దర్లో ఒకరు పోతే రెండోవాళ్ళ నెలసరి ఫీజు తగ్గుతుందా? బిల్డరు అన్నీ అమ్ముకుని వెళ్ళిపోతే వంటా, నర్సూ, అంబులెన్సూ ఎవరి పూచీ? ఆ నమూనా మార్గదర్శకాల్లో బిల్డరూ, సేవలు చూసే సంస్థా, కొనేవాళ్ళూ ముగ్గురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఉంది, మీ దగ్గరుందా? అన్నిటికన్నా పెద్దది, పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసుకున్నది ఆఖర్న అడిగారు: ‘‘ఇప్పుడు నడుస్తున్నాను గనక రమ్మంటున్నావు. మంచాన పడితే ఉండనిస్తావా, పిల్లలకి ఫోన్ చేస్తావా?’’

ఆ అమ్మాయి, ‘‘ఐసా మత్ బోలియే అంకల్, ఆప్ తో యంగ్ హై’’ అంది. బాబాయి రాసుకున్నారు: ‘జవాబు లేదు’. ఆ పుస్తకం మొత్తం మీద ఈ ఒక్క పద్దు నేను కాపీ చేసుకున్నాను. కాళ్ళాడినన్నాళ్ళూ మనల్ని చూసుకోడానికి మనం చాలు. ఆడనప్పుడు చూసేవాళ్ళు కావాలి. బ్రోచర్లలో మాత్రం అందరూ పరిగెడుతూనే ఉంటారు.

ఇంత లెక్క తెలిసిన మనిషి రెండో లెక్క ఎందుకు వేయరో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఉద్యోగం చాలామటుకు టౌన్‌షిప్పులోనే గడిచింది. కంపెనీ క్వార్టరు, కంపెనీ బస్సు, డిస్పెన్సరీ, క్లబ్బు, క్యాంటీను, గేటు దగ్గర గార్డు. సీనియర్ లివింగ్‌లో ఉండేవీ అవే. పైగా ఇక్కడ షిఫ్టు డ్యూటీ లేదు. ఎగిరి గంతేసి చేరాల్సినాయన! అదే మాట అంటే కాసేపు ఊరుకుని, ‘‘అక్కడ అందరూ రిటైర్డ్ జీఎంలేనయ్యా’’ అన్నారు. అదీ సంగతి. గుడ్ మార్నింగులు అందుకునే అలవాటున్నవాళ్ళే అంతా, పెట్టేవాడు ఒక్కడూ లేడు. ఈ మైనస్సు పుస్తకంలో ఎక్కడా రాయలేదు. అడాజన్ సొసైటీలో అయితే వాచ్‌మన్ ఇప్పటికీ ‘‘సాబ్’’ అంటాడు. పార్కులో, పోయినవాళ్ళ జ్ఞాపకార్థమంటూ పేర్లు రాయించిన సిమెంటు బాంకడా మీద కూర్చుంటే, చీరల వ్యాపారం చేసే పటేళ్ళు కూడా జీఎస్టీ సందేహాలు ఈయన్నే అడుగుతారు.

బాబాయిని ఇంతసేపు ఆటపట్టించాను గనక ఇంకో సంగతీ చెప్పాలి. ఇదే ఊళ్ళో, నది దాటి లింబాయత్ వైపు వెళ్తే వేరే తెలుగు వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ నించి మరమగ్గాల మీదికి వచ్చిన చేనేతవాళ్ళది. మగ్గాల రొదకి చెవులు పోయి, గట్టిగా అరిచి మాట్లాడతారు. పన్నెండు గంటల షిఫ్టుకి ఒళ్ళు సహకరించని రోజున వాళ్ళకి గీతలూ లేవు, ఎడమా కుడీ లేదు. నవజీవన్ ఎక్కి ఊరికి పోవడమే. నిరుపేద వృద్ధులకి జిల్లాకి ఒకటైనా, 150 మందికి తక్కువ కాకుండా పట్టే ఆశ్రమం రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షనులో రాసుంది. బాబాయికి ఆ సెక్షను నంబరు కంఠతా వచ్చు. ఒక్కసారి మాత్రం పుస్తకం మూసి, ‘‘వాళ్ళకి బేరీజుకి కూడా డబ్బుండదు’’ అన్నారు. ఆ పూట కుడివైపు ఏమీ రాయలేదు.

ఇక పిన్నిగారు. ఇన్నేళ్ళ తనిఖీల్లోనూ ఆవిడ బాత్రూములు చూడలేదు, డిపాజిట్టు అడగలేదు. ప్రతిచోటా తిన్నగా భోజనాల హాల్లోకి వెళ్ళి, ఎవరో వడ్డిస్తుంటే కూర్చుని తిని, కంచం అక్కడే వదిలేసి లేచేవారు. అంతే. ‘సొంత వంట ఉండదు’ అని బాబాయి ప్రతి పేజీలోనూ కుడివైపు రాశారు. ఆ పుస్తకం ఒక్కసారి తన చేతికి వస్తే ఆవిడ ఎటువైపు రాసేవారో బాబాయికి తట్టనే లేదు. నలభై ఆరేళ్ళుగా ఆ వంట చేస్తున్నది తను కాదు గదా.

మొన్న దీపావళికి వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడ ఫోన్లో ఉన్నారు. హిందీ, గుజరాతీ కలిపి కొడుతున్నారు. ‘‘ఏక్ కా కిత్నా? హా, ఏక్ హీ. సింగిల్.’’

బాబాయి పేపరు దించారు. ‘‘ఎవరికి సింగిల్?’’

‘‘నాకే’’ అన్నారు పిన్నిగారు ఫోను పెట్టేస్తూ. ‘‘వచ్చే నెల ఒకటో తారీఖు నించి గది ఖాళీ అవుతుందిట. నెలకి ఇరవై నాలుగు వేలు, తిండితో సహా.’’

బాబాయి గతుక్కుమన్నారు. ఏదో అడగాలి. ఆ గాభరాలో ఆయన నోటికొచ్చింది ఇదీ: ‘‘జీఎస్టీ కలిపారా అందులో?’’

‘‘అది రిజిస్టరైన ట్రస్టు వాళ్ళది. అలాంటిచోట అరవై దాటినవాళ్ళకి నెలకి పాతిక వేలు దాకా జీఎస్టీ లేదని మీరేగా చెప్పారు. చెప్పడమేమిటి, పోయిన శనివారం పటేళ్ళందర్నీ కూచోబెట్టి అరగంట పాఠం చెప్పారు.’’

‘‘మరి నా సంగతో?’’

‘‘మీకింకా వల్సాడ్ వైపు రెండు మిగిలాయన్నారు గదండీ. నిదానంగా చూసి రండి’’ అని పిన్నిగారు లోపలికి వెళ్ళి సూట్‌కేసు దించమని నన్ను పిలిచారు.