పెన్నమ్మ తీసిన తరుగు

మాది ప్రొద్దుటూరు. ముప్పై ఏండ్లుగా బంగారు అంగట్లో గుమాస్తాను. మనిషి ఎదురైతే ముందు మెడలో ఎన్ని తులాలున్నాయో అంచనా వేసి, తర్వాత ముఖం చూడటం మాకు అలవాటు. ఇన్ని లెక్కలు తెలిసినవాణ్ని, గంటసేపు ప్రయాణం చేస్తే చాలు చేరుకునే గండికోటను యాభై రెండేళ్లు వచ్చేదాకా చూడలేదు. ఎవరైనా అడిగితే "యాడికి పోతాదిలే" అనేవాణ్ని. కోట ఎక్కడికీ పోలేదు. నా మోకాళ్లే పోయాయి.

చివరికి పోయింది బామ్మర్ది పుణ్యాన. వాళ్లది పులివెందుల, తను ఉండేది అమెరికాలో, అరిజోనాలో. వచ్చినప్పుడల్లా ఫోన్ తీసి గ్రాండ్ కేనియన్ ఫోటోలు చూపిస్తాడు. "పొడవు 446 కిలోమీటర్లు బావా, లోతు మైలు పైమాటే" అని, ఆ గుంత తనే తవ్వించినట్టు చెబుతాడు. ఈసారి మా ఆవిడకు ఓపిక నశించింది. "నువ్వు చూపించే గుంతకు వీసా గావాల. మాకు జమ్మలమడుగు పక్కనే ఒకటుండాది, దానికి ఆటో చాలు" అంది.

తెల్లారి ఐదుకు బయల్దేరాలని తీర్మానం. పులివెందుల వాళ్లు ముద్దనూరు మీదుగా వస్తారు, మేము ప్రొద్దుటూరు నుంచి పోతాం, జమ్మలమడుగులో కలుసుకుంటాం. కలుసుకున్నాం కూడా, పదిన్నరకు. "ఖాళీ కడుపుతో కోట ఎక్కగూడదు" అని అత్తగారు తేల్చేసరికి ఉగ్గాని, బజ్జీల దగ్గర ఇంకో గంట గడిచింది. మే నెల మిట్టమధ్యాహ్నం కడప ఎండలో కొండ మీద తిరిగే జాతులు రెండే రెండు. ఒకటి మేకలు, రెండు మా అత్తగారింటివాళ్లు.

కోట గుమ్మం దాటగానే ఊరే. ఇళ్లు, బర్రెలు, వాటి మధ్య చార్మినార్‌ను తలపించే చిన్న బురుజు. ఒకవైపు మాధవరాయ స్వామి గోపురం, ఇంకోవైపు జుమ్మా మసీదు, దాని పక్కన ధాన్యాగారం. ఇక్కడ పెమ్మసాని నాయకులు ఏలారు. తర్వాత గోల్కొండ తరఫున మీర్ జుమ్లా వచ్చి కోట పట్టుకున్నాడు. ఆయన్ను వెతుక్కుంటూ 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ముత్యాలూ రత్నాలూ మూటగట్టుకుని ఈ కొండెక్కాడు. ఇది తెలిశాక నాకు కోట మీద గౌరవం పెరిగింది. అంటే మా వ్యాపారానికి ఇక్కడ మూడున్నర శతాబ్దాల పైబడిన చరిత్ర ఉందన్నమాట. అప్పుడూ సరుకున్నవాడే చెమటలు కక్కుతూ పైకొచ్చాడు, కొనేవాడు నీడన కూర్చున్నాడు. ఇప్పుడా పద్ధతి తిరగబడింది. అంగట్లో ఏసీ కింద కూర్చునేది మేము.

మసీదు దాటి బండల మీద నాలుగడుగులు వేశాం. ఉన్నట్టుండి నేల అయిపోయింది.

అడుగున, ఎక్కడో, పెన్న. అటూ ఇటూ ఎర్రటి రాతి గోడలు. చెరువుకు గండి పడితే అందరం పరిగెత్తి పూడుస్తాం. కొండకు గండి పడితే మా పెద్దవాళ్లు దాని ఒడ్డున కోట కట్టుకున్నారు. మిగతా పక్కల గోడలు కట్టాలి గానీ ఈ పక్క ఆ ఖర్చు నది భరించింది. ఇంత చౌక బేరం మా బజారులో కూడా దొరకదు.

"నాయనా, అంచుకు పోవాకండి" అని వెనకనుంచి అత్తగారి కేక. నా చొక్కా కొసను మా ఆవిడ అప్పటికే పట్టుకుని ఉంది, ఆ పట్టు ప్రేమదో, చీటీ డబ్బులు ఇంకా నా పేరు మీదే ఉన్నందుకో తెలీదు. నెమ్మదిగా కూర్చుని పక్కనున్న రాయిని చూశాను. గుండ్రాయి కాదు. పలకలు పలకలుగా, అంచులు తెగ్గోసినట్టు, అచ్చం మా అంగటి అటక మీద పేర్చిన పాత ఖాతా పుస్తకాల్లా ఉంది. రెండు పుస్తకాల సందులో ఒక గడ్డిపరక. వేలితో తడిమితే ఇసుక కాగితంలా గరుకు. అరచేతికి కొంచెం ఎర్రపొడి అంటింది.

బామ్మర్ది లెక్క మొదలుపెట్టాడు. "ఇది మూడొందల అడుగులు బావా. మా దాంట్లో మైలు లోతంటే 5,280 అడుగులు." నేను గుమాస్తాను కదా, నోటికి లెక్కేశాను. పదిహేడున్నర గండికోటలు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. ఓడిపోయాం. అయినా ముప్పై ఏండ్ల అనుభవం ఊరుకుంటుందా? "మీది కడ్డీ నాయనా, మాది నగ. బరువు కడ్డీకి ఎక్కువే, పెండ్లికి మాత్రం ఎవురూ కడ్డీ మెళ్లో ఏసుకోరు" అన్నాను. పైగా ఇది వంద కోట్ల ఏళ్లు దాటిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఇలాంటి రాళ్ల గుంపు మొత్తానికి పేరు వెతుక్కుని, వెతుక్కుని, కడప పేరే పెట్టుకున్నారు. అరిజోనా పేరు పెట్టుకోలేదు.

తీర్పు కోసం మజ్జిగ అమ్మే అవ్వ దగ్గరికి పోయాం. "అవ్వా, దీని లోతెంత?"

"కొలిచినోళ్లు ఎవురూ నాకు చెప్పలేదు నాయనా. గలాసు మాత్రం ఇరవై."

తాగుతుంటే అసలు ప్రశ్న తట్టింది. నగ చేస్తే తరుగు ఉంటుంది. కోత, రాపిడి, మెరుగు, ఇన్నింట్లో కొంత బంగారం పొడిగా పోతుంది. ఆ శాతం దగ్గరే రోజూ నాకూ కొనేవాళ్లకూ యుద్ధం. మరి పెన్నమ్మ ఇంత కొండను చెక్కింది కదా, ఆ తరుగు ఏమైంది?

జవాబు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు దొరికింది. ప్రొద్దుటూరు పెన్న దగ్గర బండాపి కిందకు దిగాం. మా ఊళ్లో పెన్న అంటే ఎక్కువ నెలలు ఇసుకే. చిన్నప్పుడు కబడ్డీ ఆడింది అందులోనే. ఆ ఇసుకను నీళ్లు తెచ్చి పోసేది పైనుంచే, గండికోట దాటుకునే. చెప్పులోంచి ఇసుక దులుపుతూ పిడికెడు పట్టుకుని చూస్తే అందులో అక్కడక్కడా ఎర్రటి రేణువులు. మా బంగారు అంగళ్ల వీధిలో మట్టి ఊడ్చి, కడిగి, పొడి ఏరుకుని బతికేవాళ్లున్నారు. ఊరంతా చేసిందీ అదే. ఈ ఇసుకను ట్రాక్టర్లతో తోలుకుని ఇండ్లు కట్టుకుంది. మా మేడ కూడా 1998లో ఈ ఇసుకతోనే లేచింది.

"అయితే ఇన్నేండ్లుగా మనం గండికోటలోనే కాపురం ఉండాం" అన్నాను ఆనందంగా.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పింటే పెట్రోలన్నా మిగిలేది" అంది మా ఆవిడ.

మర్నాడు అంగట్లో ఒకాయన గొలుసు బిల్లు చూసి, "పది శాతం తరుగా!" అని గుండె పట్టుకున్నాడు. నేను కళ్లజోడు సవరించుకుని, "ఎప్పుడన్నా గండికోట చూసినారా సామీ?" అని అడిగాను.