పౌడర్ బావ

మా బావ ఇంటికి పోయేవాళ్లు ఇనుప వస్తువేదీ వెంట తీసుకుపోకూడదు. పోయిన సంక్రాంతికి పోయి, స్కూటర్ తాళంచెవి బల్ల మీద పెట్టి, భోంచేసి ఓ కునుకు తీసి లేచేసరికి అది చిలకపచ్చగా మెరుస్తోంది. రంగుకు వంక పెట్టలేం. తాళంలోకి మాత్రం దూరలేదు. స్కూటర్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

బావ మార్కాపురం పలకల పనిలో ముప్పై ఏళ్లు ఉన్నాడు. రాతి ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మందం చెప్పేవాడు. పిల్లల చేతుల్లోంచి రాతి పలక జారిపోయాక ఆయనకు తీరిక దొరికింది. తీరిక దొరికిన మగాళ్లు మా వైపు రెండు రకాలు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నుంచి నీళ్లు ఫలానా నెలలో వస్తాయని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లు ఒక రకం. ఇంట్లో ఉన్నదాన్నల్లా విప్పేవాళ్లు ఇంకో రకం. బావ రెండో రకం. విప్పడంతో ఆగితే అక్క ఆయుష్షు ఇంకాస్త పెరిగేది.

చెన్నైలో పాత సామాన్ల అంగట్లో వాళ్ల అల్లుడు ఒక గాలం రీలు కొని తెచ్చాడు. అల్యూమినియంది. ఉప్పునీళ్లు తిని పైరంగు పెచ్చులు లేచింది. బావ జన్మలో చేప పట్టి ఎరగడు. చేపకూరైనా అక్క ముల్లు తీసి పెడితేనే తింటాడు. అయినా రీలు చూడగానే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇది పెయింటు కాదు రా బామ్మర్దీ, పొడి. గన్నులోంచి వచ్చేటప్పుడే కరెంటు పట్టుకుంటది. ఎర్త్ ఇచ్చిన లోహం యాడుందో చూసుకుని పోయి కరుచుకుంటది. 200 డిగ్రీల దాకా కాలిస్తే కరిగి తోలు మాదిరి అయిపోద్ది. ఇంక గోరుతో గీకినా రాదు."

పొడి కరుచుకోలేదు. గన్ను పట్టి కొట్టిందంతా వసారాలో రాలింది. ఎర్త్ సరిగా అందటంలేదని బావ తేల్చాడు. అదీ నిజమే. వేసవిలో మా నేల పెంకులా ఎండిపోద్ది. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ ఎంత వేసినా తడి లేకపోతే దండగ. అందుకని నాలుగు బిందెలు గుంతలో కుమ్మరించాడు. అవి పొద్దున్నే ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి అక్క పట్టుకొచ్చిన నీళ్లు. అక్క ఏమీ అనలేదు. ఖాళీ బిందెలు కింద పెట్టిన చప్పుడు మాత్రం పక్కవీధి దాకా వినపడింది.

పొడి అంటుకుంది. ఇక కాల్చాలి. కేకులు చేసుకోమని హైదరాబాదు నుంచి కొడుకు పంపిన ఓవెన్ ఉండనే ఉంది. ఒకసారి పౌడర్ కాల్చిన ఓవెన్లో మళ్లీ తిండి వండకూడదు. ఈ నియమం బావకు ముందే తెలుసు. అక్కకు తెలిసింది కాల్చిన మర్నాడు.

మొదటి వాయికి రీలు మీద అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచాయి. లోహపు సందుల్లో దాగిన పాత గ్రీజు వేడికి ఉబికొచ్చిందట. రంగు గీకి, ముందు వట్టిగా కాల్చి నూనె కక్కించి, తుడిచి, మళ్లీ కొట్టాడు. ఈసారి పెళ్లికూతురి బుగ్గలా నున్నగా వచ్చింది. బిగించి పిడి తిప్పితే తిరగలేదు. ఇరుసు దూరే బెజ్జాన్ని టేపుతో మూయకుండా పొడి కొట్టాడు మరి! పూత మందం 70 మైక్రాన్లు. రెండు పక్కలా కలిపితే మిల్లీమీటరులో ఏడో వంతు. రాతి మందం వేళ్లతో చెప్పిన మనిషికి పొడి మందం అందలేదు. మూడో వాయికి గానీ తిరగలేదు. ఈలోపు విప్పేటప్పుడు ఎగిరిపోయిన చిన్న స్ప్రింగు కందిపప్పు డబ్బాలో దొరికింది. దొరికింది అల్లుడి పంటికింద.

ఆదివారం రైలెక్కి కంభం చెరువుకు పోయాం. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ, విజయనగరపు రోజుల్లో వరదరాజమ్మ కట్టించిందని చెప్పే చెరువు అది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు కూడా వచ్చింది. బావ దుప్పటి మడతలోంచి చంటిబిడ్డను తీసినట్టు రీలు తీశాడు. కట్ట మీద ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. ఒకాయన అడిగాడు: "ఏందబ్బా, నీళ్లలో ఎయ్యవా?"

"ఎయ్యను. గీతలు పడతయ్."

మళ్లీ దుప్పట్లో చుట్టేశాడు. తర్వాత గంటసేపు ఆయన చూపు నీళ్ల మీద లేదు. కట్ట పక్కన తుప్పుపట్టిన ఒక ఇనుప కమ్మీని జానలతో కొలుస్తూ, ఎంత ఓవెన్ అయితే పట్టుద్దో లెక్క వేసుకుంటున్నాడు.

మొన్న కొడుకు ఇంకో ఓవెన్ పంపాడు. అక్క దాన్ని లోపలి గదిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది. అది ఇప్పటిదాకా దాని సొంత రంగులోనే ఉంది.