ముర్రా దున్నకున్న మర్యాద

మన కృష్ణా డెల్టాలో మైనస్ 196 డిగ్రీల చలువకు నోచుకున్నవి ముర్రా దున్నలూ, జెర్సీ ఆబోతులూనూ. పశువుల ఆసుపత్రిలో లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ ఉంటుంది, అందులో వాటి వీర్యం స్ట్రాలలో భద్రంగా ఉంటుంది. దున్న పోయి ఏళ్లయినా దూడలు పుడుతూనే ఉంటాయి. నైట్రోజన్ ఆవిరైపోకముందే మళ్లీ నింపించే పూచీ సర్కారుది. ఏనాడూ బకాయి పడకుండా ఇంటిపన్ను కట్టే పటమట గృహస్థుకి పోయాక దక్కేది మాత్రం అద్దె ఫ్రీజర్ బాక్సు. అదీ అమెరికా నుంచి అబ్బాయి గన్నవరంలో దిగేదాకానే. తర్వాత కృష్ణలంక స్వర్గపురి శ్మశానమే.

అబ్బాయి ఉండే దేశంలో ఈ వివక్ష లేదు. 1967 జనవరిలో కాలిఫోర్నియాలో పోయిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే ప్రొఫెసరు గారిని గడ్డకట్టించారు. ఆయన ఇప్పటికీ అరిజోనాలో, ఆల్కార్ అనే సంస్థవారి ట్యాంకులో ఉన్నారు. రోగానికి మందు దొరికాక లేపుతారట. ఇంతవరకూ ఎవర్నీ లేపింది లేదనుకోండి. ఒళ్లంతా దాచడానికి రెండు లక్షల డాలర్ల పైమాటే, తల ఒక్కటే అయితే 80 వేలు. తల చాలదా అని మా ఆవిణ్ణి అడిగాను. "ఇన్నాళ్లూ వాడనిది అప్పుడు మాత్రం ఎందుకండీ?" అంది.

అక్కడివాళ్లు జీవిత బీమాను సంస్థ పేర రాసేస్తారు. నా ఎల్ఐసీ పాలసీకి నామినీ ఆవిడే. పేరు మార్చే గుండె నాకు లేదు. పోనీ పిల్లలు కడతారా? అక్కడి చాట్స్‌వర్త్ శ్మశానంలో ఇలాగే గడ్డకట్టించి దాచినవాళ్లకు బంధువులు డబ్బు ఆపేస్తే దేహాలు కరిగిపోయాయని 1979లో బయటపడింది. మా ఇంట్లో కుళాయి పన్నులో ఎవరి వాటా ఎంతో అన్నదమ్ములం ఇంకా తేల్చుకోలేదు. దేహాన్ని దాచే ఆ ట్యాంకుకి కరెంటు అక్కర్లేదు, నైట్రోజన్ పోస్తూ ఉంటే చాలంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మంచినీళ్లే పడవెక్కి వచ్చాయి. ఇక నైట్రోజన్ లారీయా!

డబ్బు దొరికినా చట్టం ఉంది. ముందు చావాలి, చచ్చానని డాక్టరు రాసివ్వాలి. అంతకుముందే గడ్డకట్టిస్తే అది హత్య. ఆ కాగితం పుట్టిన క్షణం నుంచి నేను మనిషిని కాను. 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు ఆవిడకీ పిల్లలకీ పోతుంది. లేచాక ఖర్చులకుంటుందని నా పేర నేనే నాలుగు రూపాయలు వేసుకుందామంటే, చచ్చినవాడి పేర ఆస్తి నిలవదు. తిరిగొచ్చి నా గుమ్మం నేను తొక్కితే ఆక్రమణదారుణ్ణే. పింఛనంటారా, బతికుండగానే ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడిగేవాళ్లు, మరణ ధ్రువపత్రం చేతబట్టుకొచ్చిన నాచేత వేలిముద్ర వేయిస్తారా?

కోర్టుకెక్కి చలువ దక్కించుకున్నవాళ్లు ఈ దేశంలో లేకపోలేదు. 2014 జనవరిలో పంజాబ్‌లోని నూర్‌మహల్‌లో ఆశుతోష్ మహరాజ్ అనే గురువు పోయారని డాక్టర్లు చెప్పారు. కాదు, సమాధిలో ఉన్నారని శిష్యులు ఫ్రీజర్‌లో పెట్టారు. ఆ డిసెంబరులో హైకోర్టు జడ్జి దహనం చేయమన్నారు. 2017లో అదే హైకోర్టు ధర్మాసనం ఉంచుకోవచ్చంది. అన్నేళ్లు వ్యాజ్యం నడపడానికి ఆయనకి శిష్యులున్నారు. నాకున్నది పై వాటాలో అద్దెకుండే కుర్రాళ్లు. డాబా మీద ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పారుతున్నా మోటారు కట్టరు.