ఓడే జట్టు మీద ఒక ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సౌతాంప్టన్ ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న రేవు పట్నం. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు 1885లో సెయింట్ మేరీ చర్చి కుర్రాళ్ళ సంఘంలోంచి పుట్టింది కనుక ఇప్పటికీ దాన్ని సెయింట్స్ అంటారు. మనం మునులు అనుకుందాం. ఈ మునులు 2024 మేలో వెంబ్లీ మైదానంలో లీడ్స్‌ను 1-0తో ఓడించి ప్రీమియర్ లీగ్ మెట్టెక్కారు. ఎక్కిన ఏడాదే 38 మ్యాచులాడి 30 ఓడారు, 6 డ్రా చేసుకున్నారు, 2 గెలిచారు. వెరసి 12 పాయింట్లు. ప్రీమియర్ లీగ్ పుట్టాక ఒక పూర్తి సీజన్‌లో ఇంతకన్నా తక్కువ తెచ్చుకున్నది 2007-08 నాటి డర్బీ కౌంటీ ఒక్కటే. వాళ్ళవి 11.

ప్రతి శుక్రవారం "ఈ వారం సౌతాంప్టన్‌లో ఎవణ్ణైనా తీసుకోవచ్చంటావా?" అని అడిగేవాడొకడు, ప్రతి సోమవారం "వాణ్ణెందుకు తీసుకున్నానురా" అని తల పట్టుకునేవాడొకడు మా ఫాంటసీ లీగులో ఉండేవారు. చాలా వారాల్లో ఆ ఇద్దరూ ఒక్కరే. ఆ ఒక్కరి బోధ కోసం ఈ పద్యం పుట్టింది.

ఫాంటసీ ఎరగని పండితులకు రెండు ముక్కలు. ఆడేవాడికి పది కోట్ల పౌండ్ల ఊహాధనం ఇస్తారు. దాంతో నిజం ఆటగాళ్ళను పదిహేనుమందిని కొనాలి, ఒక్క జట్టు నుంచి ముగ్గురికి మించకూడదు. వారంలో వాళ్ళు నిజంగా ఆడిన ఆటకు పాయింట్లు వస్తాయి, కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు. పందెం డబ్బు లేదు. అందుకే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ డబ్బాటలను నిషేధించినా ఈ పిచ్చి మాత్రం చట్టానికి దొరక్కుండా సాగుతోంది.

వ్యాఖ్యాతల్లో మేటి కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మొదటి నియమం నేనూ పాటిస్తాను. రెండోది ఇక్కడ సాధ్యం కాదు. అక్కర్లేనిదంతా తీసేస్తే ఫాంటసీ ఫుట్‌బాల్‌లో మిగిలేదేమీ లేదు.

మూలం

ఆ.వె. గోలు కొట్టలేని గుంపులో నొక్కని
కొనుట యేల వత్స కోట్లు పోసి
ఎదుటి జట్టులోని యెవనినైనను గొని
చేతిపట్టి కట్టి సేద దీరు

ఛందస్సు

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగు చోట్లా కుదిరింది. ఆ ఏడాది సౌతాంప్టన్‌కు సంబంధించి లెక్క కుదిరిన వస్తువు ఇదొక్కటే.

ప్రతిపదార్థం

వత్స = నాయనా; గోలు కొట్టలేని = సీజన్ మొత్తానికి 26 గోల్సే కొట్టిన (అదే సీజన్‌లో లివర్‌పూల్ ఆటగాడు సలా ఒక్కడే 29 కొట్టాడని గ్రహించేది); గుంపులోన్ = జట్టు అనడానికి కవికి మనసొప్పని సమూహంలో; ఒక్కనిన్ = ఒకే ఒక్కణ్ణయినా; కోట్లు పోసి = ఊహాధనమే అయినా ఖర్చు పెట్టి; కొనుట ఏల = కొనడమెందుకు; ఎదుటి జట్టులోని = ఆ వారం మునుల మీద ఆడబోయే జట్టులోని; ఎవనినైననున్ = ఎవడైతేనేం, వాణ్ణి (దీని మీద వివాదం కలదు, ముందు చూడుడు); కొని = తెచ్చుకుని; చేతిపట్టి కట్టి = కెప్టెన్‌గా పెట్టి; సేద దీరు = పడుకో.

పాఠభేదాలు

"వత్స" అన్నచోట తెలంగాణ ప్రతుల్లో "బిడ్డ" అనీ, గోదావరి ప్రతుల్లో "బావ" అనీ ఉంది. గణం చెడదు, వావి మాత్రం మారుతుంది.

దీనికంటే చిక్కైనది మొదటి పాదం. "గోలు కాయలేని" అని మరో పాఠం వాడుకలో ఉంది. కొట్టలేకపోవడమా, కాయలేకపోవడమా, జట్టు దోషం ఏది? కొట్టినవి 26, తిన్నవి 86. అంకెలు రెండు పాఠాలనూ సమానంగా సమర్థిస్తున్నాయి. అయితే ఫాంటసీ ఆటగాడి దృష్టిలో ఇవి రెండూ ఒకటి కావు. కొట్టలేనితనం వల్ల మునులను కొన్నవాడు నష్టపోతాడు. కాయలేనితనం వల్ల మునులతో ఆడేవాళ్ళను కొన్నవాడు లాభపడతాడు. కాబట్టి పూర్వార్ధానికి "కొట్టలేని", ఉత్తరార్ధానికి "కాయలేని" అని అర్థం చేసుకుంటే పద్యం మొత్తం అన్వయిస్తుంది. కవి ఇంత ఆలోచించి ఉండడు. ఆలోచించడం వ్యాఖ్యాత పని.

టీక

"కోట్లు పోసి" అతిశయోక్తి. ఇలాంటి జట్టులో ఆటగాళ్ళు చవగ్గా, 40 లక్షలకో 45 లక్షలకో దొరుకుతారు. ఆ చవకే అసలు ఉచ్చు. సలా లాంటివాణ్ణి కొనడానికి డబ్బు మిగలాలి కదా అని ఒక మునిని తెచ్చి బెంచి చివర కూర్చోబెడతారు. మనవాడికి ఎలాగూ ఆడే అవసరం రాదులే అనుకుంటారు. కానీ ముందు వరసలో ఎవడికో ఆఖరి నిమిషంలో తొడ పట్టేస్తుంది, వాడు మైదానంలోకే రాడు, బెంచి మీది ముని తనంత తానే లెక్కలోకి వచ్చేస్తాడు. వచ్చి, మైనస్ ఒకటి తెస్తాడు.

"గుంపు" అనడం అన్యాయమని అభిమానులు అంటారు. ఇందులో కొంత నిజముంది. కోచ్ రసెల్ మార్టిన్‌ది జ్ఞానమార్గం. గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులతోనే బంతిని పైకి తేవాలి, గాల్లోకి తన్ని వదిలించుకోకూడదు. మొదటి వారం న్యూకాసిల్‌లో ఎదుటి జట్టుకు 28వ నిమిషంలోనే ఒకడు ఎర్రకార్డుతో బయటికి పోయాడు. తర్వాత గంటకు పైగా మునులు పదకొండుమంది, వాళ్ళు పదిమంది. మ్యాచ్‌లో ముప్పాతిక భాగం బంతి మునుల కాళ్ళ దగ్గరే ఉంది. అయినా 0-1తో ఓడారు. ఆ గోలు కూడా మునుల గోల్‌కీపర్ తన పాసు గురి తప్పి ఎదుటివాడికి అందిస్తే వచ్చిందే. బంతిని దగ్గర ఉంచుకున్నందుకు ఫాంటసీలో పాయింట్లు ఉండవు. జ్ఞానానికి ఆ సదుపాయం ఎక్కడా లేదనుకోండి.

శంక

"అయ్యా, ఓడే జట్టులో గోల్‌కీపర్‌ను కొనడం తెలివైన పని కదా? వాడి మీదికి బంతులు ఎక్కువ వస్తాయి, ఎక్కువ ఆపుతాడు, ప్రతి మూడింటికీ ఒక పాయింటు వస్తుంది!"

ఈ శంక కొట్టిపారేయదగింది కాదు. ఆర్సెనల్ నుంచి 2024 ఆగస్టులో వచ్చిన ఆరన్ రామ్స్‌డేల్ ఈ వాదానికి మూలవిరాట్టు. ఈ పెద్దమనిషి బోర్న్‌మత్‌తో 2020లో, షెఫీల్డ్ యునైటెడ్‌తో 2021లో, మునులతో 2025లో కింది అంచెకు దిగాడు. మునిగే పడవల్లో గోలు కాయడంలో ఆయనకున్న అనుభవం ఈ కాలంలో మరొకరికి దొరకదు.

లెక్క చూద్దాం. పూర్తి మ్యాచ్ ఆడితే 2. తొమ్మిది ఆపితే 3. రెండు గోల్స్ తింటే మైనస్ 1. మొత్తం 4. బాగానే ఉంది. కానీ నాలుగు ఆపి అయిదు తింటే? 2, 1, మైనస్ 2. మిగిలింది ఒకటి. అదే సమయంలో మంచి జట్టు గోల్‌కీపర్ చలికి చేతులు రుద్దుకుంటూ తొంభై నిమిషాలు నిలబడి ఒక్క బంతీ ఆపకుండా, ఒక్క గోలూ తినకుండా (దీన్నే క్లీన్ షీట్ అంటారు) 2కు 4 కలిపి 6 తీసుకుంటాడు. కష్టపడ్డవాడికి నాలుగు, నిలబడ్డవాడికి ఆరు. ఇది అన్యాయమంటే అన్యాయమే. లోకంలో ఉన్నదాన్నే ఆటలో పెట్టారని సమాధానపడాలి. కాబట్టి శంకలో సగం నిలుస్తుంది: గోలు కాయలేని గుంపులో ఎవణ్ణయినా కొనక తప్పని పాపిష్టి వారం వస్తే, గోలు కాసేవాణ్ణే కొనాలి.

డిఫెండర్‌ను మాత్రం కలలో కూడా తలవరాదు. దీనికి నిదర్శనం 14వ వారం. 2024 డిసెంబర్ 4న సెయింట్ మేరీస్ మైదానంలో చెల్సీతో ఆడుతూ మునుల డిఫెండర్ జాక్ స్టీఫెన్స్ ఎదుటి జట్టు కుకురెయా జుట్టు పట్టుకుని లాగాడు. ఆయన ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జట్టు కెప్టెన్, నిజమైన చేతిపట్టి కట్టుకున్నవాడు. రిఫరీ వీడియో చూసి ఎర్రకార్డు చూపించాడు. గంట ఆడలేదు కనుక ఒకటే పాయింటు, ఎర్రకార్డుకు మైనస్ 3. అంతటితో పోలేదు. ఎర్రకార్డుతో బయటికి పోయిన డిఫెండర్, తాను లేనప్పుడు జట్టు తిన్న గోల్స్‌కు కూడా బాధ్యుడేనని ఫాంటసీ శాస్త్రం. జట్టు 1-5తో ఓడింది, అయిదింటికి మైనస్ 2. వెరసి మైనస్ నాలుగు. దేహం మైదానం వదిలినా కర్మ వదలదు అనే సిద్ధాంతాన్ని ఇంత శుభ్రంగా అంకెల్లో పెట్టినవాళ్ళు మన దర్శనకారుల్లో కూడా లేరు.

"ఎవనినైనను" అన్నదానిపై వివాదం

కవి ఇక్కడ తొందరపడ్డాడు. ఎదుటి జట్టులో ఎవడైనా సరే అంటే డిఫెండర్ కూడా వస్తాడు. 12వ వారంలో లివర్‌పూల్ వచ్చింది. మునులు 2-1తో ముందుకు కూడా వెళ్ళారు. చివరికి 2-3తో ఓడారు, సలా రెండు కొట్టాడు. కానీ మునుల చేతిలో రెండు గోల్స్ తిన్నందుకు లివర్‌పూల్ డిఫెండర్లను కొన్నవాళ్ళ క్లీన్ షీట్ గంగలో కలిసింది. మార్చిలో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనూ అదే కథ: లివర్‌పూల్ 3-1తో గెలిచింది, సలా పెనాల్టీల మీద మరో రెండు కొట్టాడు, క్లీన్ షీట్ లేదు. ఆ సీజన్‌లో సలా ఫాంటసీలో 344 పాయింట్లు తెచ్చి రికార్డు పెట్టాడంటే అందులో మునుల దానం కూడా ఉందని మరువరాదు. కనుక "ఎవనినైనను" అంటే "గోలు కొట్టే వరసలో ఎవనినైనను" అని సంకోచించి చెప్పుకోవాలి.

ఈ అర్థం 16వ వారంలో నిగ్గు తేలింది. డిసెంబర్ 15న టాటెన్‌హామ్ వచ్చి విరామానికి ముందే అయిదు కొట్టింది. మాడిసన్ మొదటి నిమిషంలోనే మొదలుపెట్టి రెండు కొట్టాడు. ఆ రాత్రే మార్టిన్‌ను తీసేశారు. తర్వాత వచ్చిన ఇవాన్ యూరిచ్ కర్మమార్గం పట్టాడు, ఫలితం మారలేదు. 2025 ఏప్రిల్ 6న అదే టాటెన్‌హామ్ చేతిలో ఓడి, ఇంకా ఏడు మ్యాచులు మిగిలుండగానే కింది అంచె ఖాయం చేసుకున్నారు. ప్రీమియర్ లీగ్‌లో అంత తొందరగా ఎవరూ దిగలేదు. యూరిచ్ కూడా వెళ్ళిపోయాడు.

"సేద దీరు" అన్నదానికి విశేషార్థం

దీన్ని పాదపూరణమని కొందరు తేలిగ్గా చూస్తారు. తప్పు. మనవాళ్ళకు ఇది అత్యవసర ఉపదేశం. 2025 జనవరి 16న మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆట మన గడియారంలో రాత్రి ఒకటిన్నరకు మొదలైంది. మూడు దాటేదాకా మునులు 1-0తో ముందున్నారు. (ఆ గోలూ యునైటెడ్‌వాడు తన వలలో తానే వేసుకున్నది.) యునైటెడ్ మిడ్‌ఫీల్డర్ అమద్ డియాలోను నమ్ముకుని మేలుకున్నవాడు ఆ వేళకు దేవుణ్ణీ, అమద్‌నూ కలిపి తిడుతుంటాడు. 82వ నిమిషం నుంచి పావుగంట లోపల అమద్ మూడు కొట్టాడు. మిడ్‌ఫీల్డర్ గోలుకు 5 కనుక గోల్స్ వల్లనే 15. నిద్రపోయినవాడికీ అవే 15, మేలుకున్నవాడికీ అవే 15. పైగా పొద్దున్నే ఆఫీసు. కవి హృదయం ఇదీ.

అపవాదాలు

మునులు గెలిచిన రెండు వారాలను దాచడం శాస్త్రద్రోహం. 10వ వారం నవంబర్ 2న ఎవర్టన్ మీద ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 85వ నిమిషంలో కొట్టి 1-0తో గెలిపించాడు. 24వ వారం ఫిబ్రవరి 1న ఇప్స్‌విచ్‌లో ఒనువాచు ఆఖర్న కొట్టి 2-1 చేశాడు. ఇవి చూసి ఆశపడి వాళ్ళను ఆ పై వారం కొన్నవాళ్ళ గతి చెప్పనక్కర్లేదు.

పద్యానికి అసలు దెబ్బ 36వ వారంలో తగిలింది. మే 10న మాంచెస్టర్ సిటీ వచ్చింది. దేశదేశాల ఫాంటసీ జనం సిటీ ఫార్వర్డులకు చేతిపట్టి కట్టి, పద్యంలో చెప్పినట్టే సేద దీరారు. 0-0. డర్బీని దాటించిన పన్నెండో పాయింటు అదే. పెట్టుబడి పెట్టినవాళ్ళకు మిగిలింది హాజరు పాయింట్లు. ఆ ఒక్క వారం రామ్స్‌డేల్‌ను కొన్న మహానుభావుడు ఎక్కడున్నా వందనం.

తాత్పర్యం

నాయనా, ఓడే జట్టులో మనిషిని చవగ్గా వచ్చాడని కొనకు. ఆ జట్టు మీద ఆడబోయే ఫార్వర్డునో మిడ్‌ఫీల్డర్‌నో కెప్టెన్‌గా పెట్టి నిద్రపో. తప్పనిసరైతే గోల్‌కీపర్ ఒక్కడే దిక్కు. డిఫెండర్ వద్దు.

ఈ ఆఖరి మాటకు 2025-26లో సవరణ వచ్చింది. ఆ సీజన్ నుంచి బంతిని తన్నేయడం, అడ్డుకోవడం, లాక్కోవడం లాంటివి ఒక మ్యాచ్‌లో పది చేసిన డిఫెండర్‌కు 2 పాయింట్లు ఇస్తున్నారు. పొద్దస్తమానం దాడికి గురయ్యే జట్టు డిఫెండర్లకు ఇంతకంటే వరం లేదు. అది అమల్లోకి వచ్చేనాటికి మునులు కింది అంచెలో ఉన్నారు, ఫాంటసీ జాబితాలో వాళ్ళ పేరే లేదు. పద్యంలో వాళ్ళ పేరు ముందునుంచీ లేదు కనుక ఏ ఏడాది ఎవరు అడుగున ఉంటే వాళ్ళకు వర్తింపజేసుకోవచ్చు.

పాఠకులకు మనవి: శనివారం మొదటి ఆట ఇంగ్లండ్‌లో పన్నెండున్నరకైతే, జట్టు మార్చుకునే గడువు దానికి తొంభై నిమిషాల ముందే ముగుస్తుంది. మన గడియారంలో అది వాళ్ళ వేసవి కాలంలో మధ్యాహ్నం 3:30, చలికాలంలో 4:30. భోజనమయ్యాక కునుకు తీసే అలవాటున్నవాళ్ళు కెప్టెన్‌ను మార్చుకున్నాకే నడుం వాల్చండి.