నాలుగు పీలూ, ఒక పామాయిల్ గెలా

వేసవి వచ్చిందంటే కామవరపుకోట చుట్టుపక్కల ఊళ్లలో ఇద్దరు తోటల వెంట, గడపల వెంట తిరుగుతారు. ఒకడు మామిడి తోట గుత్తకు తీసుకునేవాడు, రెండోవాడు ప్రైవేటు డిగ్రీ కాలేజీ లెక్చరరు. మొదటివాడు కాయ చూశాకే ధర చెబుతాడు. రెండోవాడికి పిల్లాడి మార్కులతో కూడా పనిలేదు. "బీబీఏ మార్కెటింగ్‌లో పడెయ్యండి బాబాయ్, ఫీజు గవర్నమెంటు కడుతుంది" అంటాడు. చేతిలో కరపత్రం, నెత్తిన టార్గెట్టు. సీట్లు నిండకపోతే ఆయన జీతానికే ఎసరు. నిజానికి సిలబస్ ఆ గడపలోనే పూర్తయింది. తర్వాత క్లాసులో జరిగేది పునశ్చరణ.

క్లాసులో ఏం చెబుతారు? మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో పేర్చిన నాలుగు పీలు: ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. వెనక బెంచీలో పామాయిల్ రైతు కొడుకున్నాడు. వాళ్ల నాన్నకు ప్రొడక్ట్ ఉంది. ప్రైస్ నెలనెలా ప్రభుత్వం ప్రకటిస్తుంది. ప్లేస్ సంగతి 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం తేల్చేసింది: మండలాన్ని ఏ ఫ్యాక్టరీకి రాసిస్తే గెలలు అక్కడికే తోలాలి. పైగా కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె చెడుతుంది, కాబట్టి అలిగి ఇంట్లో పెట్టుకోవడానికీ లేదు. ఇక ప్రమోషనంటారా, గెలకు ఫ్లెక్సీ కట్టినవాణ్ణి నేను చూడలేదు. ఈ లెక్కంతా పరీక్షలో రాస్తే ఆ కుర్రాడికి సున్నా. షాంపూ ఉదాహరణ రాసినవాడికి ఫుల్ మార్కులు.

పక్క బెంచీ వాడిది పొగాకు ఇల్లు. పొగాకు బోర్డు ఒప్పుకున్నంతే పండించి, జంగారెడ్డిగూడెం వేలంలో బేలు పక్కన చేతులు కట్టుకుని నిలబడటమే వాళ్ల నాన్న చేసే సేల్స్. వేలం చెడ్డదనను, అది లేని రోజుల్లో వ్యాపారి చెప్పిందే ధర, ఇచ్చిననాడే డబ్బు. ఆ తేడా అయినా క్లాసులో చెప్పాలా వద్దా? ఇక కోకో సంగతి: గింజ 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 10 వేల డాలర్లు దాటింది; 2025లో ఇక్కడి రైతులు కొనండి మహాప్రభో అని రోడ్డెక్కారు. రెండేళ్ల పాఠం రోడ్డు మీద నడిచి వెళ్లింది. క్లాసు లోపల అటెండెన్స్ వేసుకుంటున్నారు.

డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు. చక్కటి ఆలోచనే. పెదవేగి పామాయిల్ ఫ్యాక్టరీకి పంపితే సరిపోయేది. ముడి నూనె ధర, గెలలోని నూనె శాతం కలిపి రైతుకు రేటు ఎలా కడతారో కుర్రాడు తేల్చుకునేవాడు. మన కుర్రాడు సెల్ షాపులో సిమ్ములమ్మాడు. స్టాంపు పడింది. 2024-25 నుంచి బీబీఏ కూడా సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కిందికి చేరింది కాబట్టి ఇంజనీరింగ్ వాళ్ల పక్కనే కుర్చీ. మర్యాద పెరిగింది, పాఠం పెరగలేదు.

చివరికి ఉద్యోగం వచ్చింది. బీమా ఏజెంటు. మొదటిరోజు మేనేజరు కాగితమిచ్చి "తెలిసినవాళ్ల యాభై నెంబర్లు రాయి" అన్నాడు. మూడేళ్ల చదువు వాడిన చోటు అదొక్కటే: మొదటి పేరు నాన్నది రాశాడు. ఆయన కాదనలేదు, ఫారం మీద సంతకం పెట్టేశాడు. ప్రీమియం మాత్రం గెలల డబ్బు పడ్డాక కడతానన్నాడు. ఎంత పడుతుందిరా అంటే, ఈ నెల రేటు ఇంకా చెప్పలేదట.