మా భాషలో రాస్తే మునగదు

కొంటా సంతకొచ్చిన మనిషి మధ్యాహ్నంలోపు నాలుగు భాషలు వాడేస్తాడు. తెచ్చిన ఇప్పపువ్వు సంగతి తనవాళ్లతో దోర్లీలో మాట్లాడి, వ్యాపారితో తెలుగులో బేరం తెంపి, ఆపిన జవానుకు హిందీలో సంజాయిషీ చెప్పి, శబరి నది అవతల మోటు ఊరి నుంచి వచ్చినవాడితో ఒడియాలో వరస కలుపుతాడు. ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొసన, ఆంధ్రకూ ఒడిశాకూ ఆనుకుని ఉన్న ఊరు మరి. ఇన్ని భాషలున్నా, "మా భాషలో తూచితే తూకం తగ్గదు" అన్నవాడు మాత్రం అక్కడ ఒక్కడూ కనపడడు. తూకం తగ్గేది త్రాసు దగ్గర, తూచేవాడి వేళ్ల దగ్గర అని సంతలో తిరిగే పిల్లాడికి కూడా తెలుసు.

ఈపాటి ఇంగితం హైదరాబాద్‌లోని మాదాపూర్ దాకా చేరలేదు. అక్కడి అద్దాల మేడల్లో, వాటి తోబుట్టువులైన బెంగళూరు, డల్లాస్ మేడల్లో ప్రోగ్రామింగ్ భాషల మీద జరిగే పోట్లాటలు చూసి తీరాలి. ‘సీ’లో రాసిన ప్రతి లైనూ టైమ్ బాంబేనంటాడు ఒకాయన. రస్ట్‌లో తిరగరాస్తే ఇక కంటినిండా నిద్రపోవచ్చంటాడు ఇంకొకాయన. మూడో ఆయన ఇద్దరినీ జాలిగా చూసి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను మోసిన ఎర్లాంగ్ ఉండగా మీకీ తిప్పలెందుకయ్యా అంటాడు. విమానాల పనిలో రిటైరై మూలన కూర్చున్న పెద్దమనిషి అడా పేరెత్తి ముగ్గురినీ పిల్లకాయల్ని చేసేస్తాడు. నలుగురికీ కుదిరే మాట ఒక్కటే: యంత్రం చెడితే తప్పు భాషది, అదీ ఎదుటివాడి భాషది.

వీళ్ల గొడవ సినిమా టికెట్ల యాప్ గురించి అనుకునేరు. గడువు దాటితే ఎంత సరైన జవాబైనా దండగయ్యే పనుల గురించి, నదిగట్టున పెట్టెలో బ్యాటరీ మీద బతికే చిప్పుల గురించి, పదిచోట్ల ఉన్న కంప్యూటర్లు కలిసి ఒక్క మాట చెప్పాల్సిన ఏర్పాట్ల గురించి. అలాంటి చోట భాషకు విలువ లేదని నేననను. మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టే తప్పుల్లో చాలావాటిని రస్ట్, ప్రోగ్రాము నడవకముందే పట్టేస్తుంది. అంకె హద్దు దాటితే అడా ఊరుకోదు. ఇవి నిజమైన మేళ్లే. వాటిని సర్వరోగ నివారిణి సీసాలో పోసి అమ్మడం దగ్గరే నా పేచీ.

పెద్దమనిషి అడాతోనే మొదలెడదాం. అమెరికా రక్షణ శాఖ పట్టుబట్టి చేయించుకున్న భాష అది. 1983లో ఖరారైన ప్రమాణానికి 1815 అని నంబరిచ్చారు. ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ అడా లవ్‌లేస్ పుట్టిన సంవత్సరం. భక్తి అంటే అలా ఉండాలి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో ఏరియాన్-5 రాకెట్ మొదటిసారి లేచింది. రాకెట్ ఎటు పోతోందో చెప్పే కంప్యూటర్‌లో ఉన్నది అడా ప్రోగ్రామే. ఏరియాన్-4లో పేచీ లేకుండా పనిచేసింది కదా అని దాన్నే తెచ్చి ఎక్కించారు. కొత్త రాకెట్ పక్కవాటు వేగం పాతదానికన్నా చాలా ఎక్కువ. ఆ వేగంతో ముడిపడ్డ ఒక సంఖ్య 16 బిట్ల గదిలో, అంటే 32,767 దాటడానికి వీల్లేని చోట, పట్టలేదు.

అడా తన ధర్మం తప్పలేదు. హద్దు దాటిందని గట్టిగా అరిచింది. అలాంటి అరుపు వినపడితే ఏం చెయ్యాలో కూడా ముందే నిర్ణయించి ఉంచారు: కంప్యూటర్ ఆగిపోవాలి. ఆగిపోయింది. మరి ఆపదలో ఆదుకోవడానికని పెట్టిన రెండో కంప్యూటర్? అందులో ఉన్నదీ అదే ప్రోగ్రాము, దానికి అందిందీ అలాంటి సంఖ్యే. అది మొదటిదానికన్నా రెప్పపాటు ముందే చేతులెత్తేసింది. నేల వదిలిన దాదాపు 40 సెకన్లకు రాకెట్ గాల్లో ముక్కలైంది. అన్నట్టు, కొంప ముంచిన ఆ లెక్క ఏరియాన్-5 నేల వదిలాక దేనికీ పనికొచ్చేది కాదు. పాతదాంట్లో ఉంది కాబట్టి కొత్తదాంట్లోనూ ఉండనిచ్చారు. పాత రాకెట్ మీది నమ్మకం కొత్త రాకెట్‌కు చెల్లదని ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే ఏ కంపైలర్ మాత్రం ఎలా చెబుతుంది?

ఎర్లాంగ్ వాళ్ల లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1980ల్లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో పుట్టిన భాష. దాని కర్తల్లో ఒకరైన జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఎర్లాంగ్‌తో నడిచిన ఏఎక్స్‌డీ-301 స్విచ్ నమ్మకం నూటికి 99.9999999 అని చెప్పాడు. తొమ్మిది తొమ్మిదులు. అంటే ఏడాది మొత్తానికి ఆగేది 32 మిల్లీసెకన్లు. కొంటాలో కరెంటు పోయాక ఫ్యాను ఒక్క చుట్టు పూర్తి చేసేలోపే ఆ ఏడాది కోటా చెల్లిపోతుంది. తప్పును తట్టుకుని నిలవాలంటే కనీసం రెండు కంప్యూటర్లుండాలి, ఒక్కదానితో అయ్యే పని కాదు అని కూడా ఆర్మ్‌స్ట్రాంగే అన్నాడు. భక్తులు మొదటి మాట కంఠస్థం చేసి రెండోది వదిలేశారు, ఎందుకంటే రెండో కంప్యూటర్‌కు డబ్బులవుతాయి. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ పరికరాల మీద ఆధారపడ్డ బ్రిటన్‌లోని ఓ2, జపాన్‌లోని సాఫ్ట్‌బ్యాంక్ నెట్‌వర్కులు గంటల తరబడి మూగబోయాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్‌కు గడువు తీరింది, అంతే. క్యాలెండర్ చూసి మార్చాల్సింది మనిషి.

ఇక కుర్రకారు ఇష్టదైవం రస్ట్. 2025 నవంబర్ 18న ప్రపంచంలో సగం వెబ్‌సైట్లు పోయాయా అన్నంత గోల జరిగింది గుర్తుందా? ఎన్నో వెబ్‌సైట్లకు ముందు నిలబడి కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో ఒక డేటాబేస్ అనుమతి మార్చారు. దాంతో ఒక ఫైలు ఉండాల్సినదానికి రెట్టింపు పెరిగింది. రస్ట్‌లో రాసిన ప్రోగ్రాము ఆ ఫైలులో 200కు మించి అంశాలుండవని అనుకుంది. మించాయి. ‘ఇక్కడ తప్పు రాదులే’ అని ప్రోగ్రామర్ మాట ఇచ్చే ఒక చిన్న ముక్క ఉంటుంది ఆ భాషలో. మాట తప్పితే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలుతుంది. కూలింది. మెమరీ మాత్రం ఆద్యంతం భద్రంగా ఉంది.

తిట్లు తినే ‘సీ’ గురించి ఒక్క కబురు చెప్పి వదిలేస్తాను. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ ప్రోగ్రాములో ఎక్కువ భాగం ‘సీ’లోనే ఉంది. రాసినవాళ్లు ఆ భాషను నమ్మలేదు. హద్దులేని లూపు కూడదు, తనను తాను పిలుచుకునే ఫంక్షన్ కూడదు అంటూ తమ చేతులు తామే కట్టుకుని రాశారు. అందుకే అది బతికింది.

ఇప్పుడు శబరి ఒడ్డుకు రండి. కొంటా దగ్గర ఈ నది మట్టాన్ని కేంద్ర జలసంఘం కొలుస్తుంది. ఇక్కడ అడుగుల లెక్క ఒట్టి అంకె కాదు. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు వల్ల కొంటా దగ్గర ముంపు 150 అడుగుల మట్టం దాటకూడదని 1980 నాటి గోదావరి ట్రైబ్యునల్ తీర్పు గీత గీసింది. ఆ ప్రాజెక్టు మీద ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టుకెక్కింది. కాబట్టి ఈ ఒక్క అంకె మీద మూడు రాష్ట్రాల కళ్లుంటాయి.

శబరికి ఒక అలవాటుంది. కూనవరం దగ్గర గోదావరిలో కలవాల్సిన ఈ నది, గోదావరి నిండుగా ఉంటే లోపలికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఎగపోటు అంటారు. కొంటాలో చినుకు పడకపోయినా వాకిట్లోకి నీళ్లొస్తాయి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది; మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోండి. ఆ ఎగపోటుకు చింతూరు, కొంటా మధ్య జాతీయ రహదారి నీళ్లకింద పడుకుంది.

ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఉంటాడు, బుద్ధిమంతుడు, నీటిమట్టం కొలిచే పెట్టెకు ప్రోగ్రాము రాస్తున్నాడు. సెన్సర్లు అబద్ధాలాడతాయని వాడికి తెలుసు. సాలెగూడు అల్లుకున్నా, కొమ్మ అడ్డొచ్చినా అంకె ఎగురుతుంది. అందుకని జాగ్రత్తగా ఒక నిబంధన పెట్టాడు: వాన లేకుండా, ఎగువ నుంచి ప్రవాహం పెరగకుండా మట్టం పెరిగిందంటే అది సెన్సర్ లోపం, ఆ అంకెను పారెయ్. రస్ట్‌లోనే రాశాడు. కంపైలర్ ఒక్క వంకా పెట్టలేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎగపోటు వచ్చిన రాత్రి ఆ ప్రోగ్రాము ఒక్కసారి కూడా క్రాష్ కాదు, ఒక్క గడువూ తప్పదు. ఊరి మెడ దాకా నీళ్లొచ్చినా నిక్షేపంగా ‘సెన్సర్ లోపం, సెన్సర్ లోపం’ అని రాసుకుంటూ పోతుంది. నది వెనక్కి నడుస్తుందని వాడికి చెప్పగలిగిన పడవవాళ్లు కొంటాలో ఉన్నారు. కాకపోతే వాళ్లకు రస్ట్ రాదు కదా, అందుకని సమావేశానికి పిలవలేదు.

వరద ఏడాదికి కొన్నాళ్ల బెడద. బియ్యం నెలనెలా కావాలి. ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు మంచి పేరే ఉండేది. 2004లో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల చేతిలోంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చారు. బియ్యం లారీలకు పసుపు రంగేశారు, దారి మళ్లితే ఊరంతా గుర్తుపట్టేలా. వేలిముద్రల యంత్రం రాకముందే, ఏ ప్రోగ్రామింగ్ భాష సాయమూ లేకుండా ఆ రంగు తన పని తాను చేసింది. తర్వాత 2012లో రాయ్‌పూర్‌లో కొత్త పద్ధతి మొదలైంది. దాని పేరులోనే సెంట్రలైజ్డ్, ఆన్‌లైన్, రియల్ టైమ్, ఎలక్ట్రానిక్ అని నాలుగు విశేషణాలున్నాయి. రాజధానిలో నాలుగూ చక్కగా వెలుగుతాయి. అక్కణ్నుంచి 400 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి దిగేసరికి ఒక్కో విశేషణానికీ ఒక్కో టవర్ కావాల్సొస్తుంది.

రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ యంత్రం మీద ఒక అవ్వ వేలు పెడుతుంది. ఆ ముద్ర యంత్రంలోంచి టవర్‌కు, టవర్ నుంచి రాష్ట్ర సర్వర్‌కు, అక్కణ్నుంచి ఆధార్ కేంద్రానికి వెళ్లి, అవుననో కాదనో అనిపించుకుని అదే దారిన తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడ తెగినా కథ మొదటికొస్తుంది. తానెరుగని ఏదో ఒక కంప్యూటర్ ఎక్కడో చెడి తన కంప్యూటర్‌ను పనికిరాకుండా చేస్తే దాన్నే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అంటారని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1987లో చమత్కరించాడు. రేషన్ వరసలో నిలబడ్డ అవ్వకు లాంపోర్ట్ తెలియదు కానీ, ‘సర్వర్ డౌన్’ అన్న రెండు ముక్కలూ తడుముకోకుండా పలుకుతుంది.

ఆ యంత్రాన్ని ఏ భాషలో రాసినా సరే, లోపల ఒక చోట ఈ నిర్ణయం ఉండి తీరాలి: జవాబు రాకపోతే ఏం చెయ్యాలి? ‘బియ్యం ఇవ్వొద్దు’ అని రాస్తే ప్రోగ్రాముకు ఏ లోపమూ లేదు. అవ్వ ఉత్త సంచీతో ఇంటికి పోతుంది, యంత్రం మాత్రం ఆరోగ్యంగా ఉంటుంది. సర్వర్ నడుస్తూనే ఉంది కాబట్టి నివేదికలో ఆ రోజు వైఫల్యం సున్నా. ఆధార్ లేదనో, వేలిముద్ర కలవలేదనో రేషన్ ఆపొద్దని, అలాంటి వాళ్లకిచ్చి విడిగా రిజిస్టర్‌లో రాసుకొమ్మని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ ఆదేశాన్ని యంత్రంలోకి దించడానికి సీలోనైనా, అడాలోనైనా నాలుగు లైన్లు చాలు. ఆ నాలుగు లైన్లకు అడ్డొచ్చేది కంపైలర్ కాదు. బస్తా లెక్క తేడా వస్తే ఎవరి జీతంలో కోస్తారన్న భయం. ఇవ్వొద్దన్న యంత్రం వల్ల దుకాణం నడిపేవాళ్లు క్షేమం, అధికారి క్షేమం, కంపెనీ క్షేమం. ఇంతమందిని ఒకేసారి కాపాడే భాష ఇంకెవరు కనిపెడతారు!

భాషాభిమానులకు నాదొక విన్నపం. మీ తర్వాతి మహాసభ ఐదు నక్షత్రాల హోటల్లో వద్దు. వచ్చే జూలైలో కొంటాలో పెట్టండి. రోడ్డు మునగకముందే వచ్చేయండి. చర్చకు ఒక్కటే అంశం: బస్తా దుకాణంలో ఉంది, అవ్వ వరసలో ఉంది, సిగ్నల్ లేదు, ఇప్పుడేం చెయ్యాలి? జవాబు మీకిష్టమైన భాషలో రాసుకోండి. కింద సంతకం మాత్రం ఒక మనిషిది ఉండాలి, పేరూ ఫోన్ నంబరూ స్పష్టంగా కనపడేటట్టు. ఆ నంబరు కలవాలంటే ఏ గుట్టెక్కి నిలబడాలో అక్కడివాళ్లు చూపిస్తారు.